పాలకుర్తి ఐలమ్మ, పోరాటం ఆగిన తర్వాత

చాకలి ఐలమ్మ పేరు తెలియని వాళ్లు మన సంఘాల్లో ఉండరు. సెప్టెంబర్ వచ్చిందంటే ఆమె విగ్రహానికి దండ వేస్తాం. ఈ ఏటి నివేదికలో ఆమె పోరాటంతో పాటు, అది ఆగినాక ఆడవాళ్లకు ఏం మిగిలిందో కూడా చెప్పుకుందామనుకున్నాం.

ఆమె అసలు పేరు చిట్యాల ఐలమ్మ. ఇంటి పని బట్టలుతకడం. పాలకుర్తిలో ఉంటూ మల్లంపల్లి దొర భూమి కౌలుకు తీసుకుని సాగు చేసింది. దొరల ఇళ్లల్లో వెట్టి చేయాల్సిన మనిషి సొంతంగా పంట తీయడం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి గిట్టలేదు. ఆమె సంఘంలో చేరడం అసలే గిట్టలేదు. సంఘం అంటే అప్పట్లో ఆంధ్ర మహాసభ. ఇవాళ సంఘం అనగానే మనకు పొదుపు గుర్తొస్తుంది గానీ, ఆనాడు ఆ మాట అనడానికే గుండె ధైర్యం కావాలి. కోతకొచ్చిన పంట మీదికి దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపాడు. సంఘం వాళ్లు ఐలమ్మతో కలిసి నిలబడ్డారు, వాళ్లను వెళ్లగొట్టి వడ్లు ఆమె ఇంటికి చేర్చారు.

తర్వాత పగ తీర్చుకున్నారు. ఇల్లు కాలబెట్టారు, ధాన్యం ఎత్తుకపోయారు, ఆమె కూతురిపై అత్యాచారం చేశారు. మగవాళ్ల మీది కోపం కూడా ఆడపిల్లల మీదనే తీర్చుకోవడం ఇట్లాంటి రోజుల్లో మామూలే. అంత జరిగినా ఐలమ్మ భూమి వదల్లేదు.

1946 జులైలో కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపినాక పోరు ముదిరి తుపాకుల దాకా పోయింది. ఆడవాళ్లు వడిసెలలు, కారప్పొడి పట్టుకుని ఊళ్లు కాపాడారు. దళాలకు బువ్వ పెట్టారు, కబుర్లు మోశారు, కొందరు తుపాకీ పట్టారు. నిర్ణయాలు చేసే చోట మాత్రం బహు కొద్దిమందే ఉన్నారు. మాకు ఇదే బాధనిపిస్తుంది. 1951లో పోరాటం విరమించాక చాలామందిని ఇళ్లకు పొమ్మన్నారు. పెళ్లి చేసుకుని సంసారం చూసుకోవాల్సి వచ్చింది. అడవిలో కాపలా కాసిన మనిషి మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది.

ఐలమ్మ పాలకుర్తిలోనే ముసలిదైంది. 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది. ఆ పోరాటంలోని ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఊరూరా తిరిగి సేకరించి, ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకంగా తెచ్చారు. అందులో ఐలమ్మ చెప్పిందీ ఉంది. అది అచ్చయింది 1986లో, అప్పటికి ఆమె లేదు.