పొయ్యి తప్పిన కొయ్య

తుక్కుగూడ మొదలుకొని న్యూయార్కు వరకు ఏ ఊరనైనను విరిగిన కుర్చీకి గతులు రెండే: కొన్నాళ్లు అటక, ఆపై పొయ్యి. అటకలు లేని మహానగరములలో దానిని వీధిప్రక్కకు చేర్చి తలుపు వేసికొందురు. అట్టి కొయ్యకు మూడవ గతి యొకటి కలదని చూపిన శిల్పి లూయీజ్ నెవెల్సన్. ఆమె దానిని మొదట చేతికెత్తుకొన్నది కళకొరకు కాదు, చలి కాచుకొనుటకు.

ఆమె తొలిపేరు లియా బెర్లియావ్స్కీ. 1899 సెప్టెంబరు 23వ తేదీన, నాటి రష్యా సామ్రాజ్యమున, నేటి ఉక్రెయినులోని పెరియాస్లావ్ అను ఊర ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి 1902లో అమెరికాకు వలసపోగా, ఆ ఎడబాటునకు పసిబిడ్డ ఆరు నెలలు నోరు విప్పలేదట. 1905లో తల్లీబిడ్డలును ఓడయెక్కి మెయిన్ రాష్ట్రములోని రాక్లండు పట్టణము చేరిరి. అచట తండ్రి తొలుత కట్టెలు కొట్టెను. పాతసామానుల దొడ్డి పెట్టెను. పిదప కలప అడితి నడపెను. కొయ్యయు, ఒకరు కాదన్న సామానును ఆ బాలికకు నాడే పరిచితములైనవి.

1920లో ఓడల వ్యాపారము చేయు కుటుంబమునకు చెందిన ఛార్లెస్ నెవెల్సన్‌ను పెండ్లియాడి ఆమె న్యూయార్కు వచ్చెను. 1922లో కుమారుడు మైరన్ పుట్టెను. కోడలి కళాభ్యాసము అత్తవారికి రుచింపలేదు. అయినను 1929లో ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్ అను విద్యాలయమున చేరెను. 1931లో భర్తను వీడి, కుమారుని పుట్టినింట విడిచి, హాన్స్ హాఫ్‌మన్ వద్ద నేర్చుటకై జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు పోయెను. పురుషుడు ఇట్లు వెడలిపోయినచో లోకము సాధన యనును. తల్లి పోయినచో నేర మనును. లోకము మాట యటుండగా, ఆమెయే తన్ను సులభముగా క్షమించుకొనలేదు.

ఆమె తిరిగివచ్చునప్పటికి అమెరికా ఆర్థిక మాంద్యమున మునిగియున్నది. 1933లో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరాకు కుడ్యచిత్రముల పనిలో తోడ్పడెను. ఆ దుర్దినములలో తల్లియు కుమారుడును న్యూయార్కు వీధులవెంట నడచి, పారవేసిన కొయ్యముక్కలను ఏరితెచ్చి ఇంట చలిమంట వేసికొనెడివారు. నిప్పునకు తెచ్చిన ఆ కట్టెలలో ఆమెకు ఆకారములు కనబడసాగెను. మంటలో వేయక ప్రక్కన నుంచిన ముక్కలే ఆమె శిల్పమునకు మూలధనమైనవి.

ఫలము మాత్రము వెంటనే దక్కలేదు. 1941లో తొలి ఏకవ్యక్తి ప్రదర్శన జరిగెను. 1943లో సర్కసు ఇతివృత్తముగా, దొరికిన కొయ్యతో చేసిన బొమ్మలను ప్రదర్శించెను. అవి అమ్ముడుపోలేదు. పిమ్మట ఆమెయే వానిని ధ్వంసము చేసెను. ఆనాటికి ఆమె వయస్సు నలుబది దాటినది.

1950వ దశకమున మన్‌హాటన్‌లో పాత యిండ్లను వరుసగా పడగొట్టుచుండిరి. మంచపుకోళ్లు, కుర్చీ వీపులు, మెట్లకు పట్టిన చెక్కడపు కమ్మీలు, తలుపు చట్రముల ముక్కలు కాలిబాటల మీదికి వచ్చి పడుచుండెను. ఆమె వానిని ఇంటికి చేర్చి, కొయ్యపెట్టెలలో అమర్చి, నల్లరంగు పూసి, పెట్టెమీద పెట్టె పేర్చి గోడలుగా నిలిపెను. ఒక్క రంగే యేల? మెరుగు నూనె ఒకచోట, వెలిసిన పూత మరియొకచోట కనబడినచో చూపరి కన్ను ఇది కుర్చీ, ఇది మంచము అని లెక్కపెట్టును. అంతయు నల్లనైనప్పుడు వస్తువు పేరు మరుగై, ఆకారమును నీడయు మిగులును. ఏ యింటి తుక్కైనను ఆ గోడలో సమానమే. నలుపును ఆమె శోకచిహ్నముగా గాక, సకల వర్ణములను తనలో నిముడ్చుకొన్నదిగా భావించెను.

1958లో అట్టి గోడలతో న్యూయార్కున జరిగిన ప్రదర్శన ఆమెకు కీర్తి తెచ్చెను. అందలి పదునొకండడుగుల పైచిలుకు ఎత్తుగల ‘స్కై కెథీడ్రల్’ ఆధునిక కళా ప్రదర్శనశాలకు చేరెను. మరుసటి సంవత్సరము అదే సంస్థలో, అంతయు తెల్లరంగు పూసిన ‘డాన్స్ వెడ్డింగ్ ఫీస్ట్’ను నెలకొల్పెను. దాని నంతటిని ఒక్కచోట నిలుపుకొను దాత దొరకలేదు. భాగములు విడివడి చెదరిపోయెను. వీధిలో చెదరిన కొయ్యను కూర్చిన ఆమెకు, కూర్చినది మరల చెదరుట చూడవలసివచ్చెను. అయినను ఆగలేదు; పిదప బంగారు రంగును చేపట్టెను.

1962లో వెనిసు అంతర్జాతీయ ప్రదర్శనలో అమెరికాకు ప్రాతినిధ్యము వహించెను. 1967లో విట్నీ మ్యూజియము ఆమె జీవితకృషిని సమగ్రముగా ప్రదర్శించెను. వార్ధక్యమున ఉక్కుతో భారీ శిల్పములను కూడ నిర్మించెను. దిగువ మన్‌హాటన్‌లో ఆమె ఉక్కు శిల్పములు నిలిచిన కూడలికి ఆమె పేరే పెట్టిరి. 1988 ఏప్రిల్ 17వ తేదీన, ఎనుబదియెనిమిదవ యేట, న్యూయార్కులోనే కన్నుమూసెను. చలినాళ్లలో తల్లివెంట కట్టెలేరిన కుమారుడును పెద్దవాడై శిల్పి యయ్యెను.

నల్లని ఆ కొయ్యగోడను దూరమునుండి చూచువారికి అది దేవాలయ ముఖమువలె తోచును. దగ్గరకు పోయి నిదానించి చూచినచో, ఆ నలుపు క్రింద ఎవరో కాదని వీధిలో విడిచిన సామాను తునక మెల్లగా పోల్చబడును.