పక్షుల కోసం చలికాలమంతా: సలీం అలీ జీవితం

రాజస్థాన్‌లో భరత్‌పూర్ పట్టణాన్ని ఆనుకొని కేవలాదేవ్ ఘనా అనే చోటు ఉంది. ఘనా అంటే దట్టమైన అడవి అని అర్థం. 29 చదరపు కిలోమీటర్ల ఆ నేలలో కొంత అడవి, కొంత లోతు లేని సరస్సు. నీళ్ల నడుమనే తుమ్మచెట్లు నిలబడి ఉంటాయి. చలికాలం రాగానే సైబీరియా నుంచి, మధ్య ఆసియా నుంచి వేలాది బాతులు హిమాలయాలు దాటి అక్కడ దిగుతాయి. 1960లలో అదే చలికాలంలో బొంబాయి నుంచి ఒక బృందం కూడా అక్కడికి వచ్చి గుడారాలు వేసుకునేది. దానికి పెద్ద బక్కపలచని మనిషి, తెల్లని గడ్డం, మెడలో దుర్భిణి. ఆయనే డాక్టర్ సలీం అలీ.

ఆ బృందంలో చదువుకున్న కుర్రాళ్లతో పాటు బీహార్ నుంచి పిలిపించిన మీర్‌షికార్లు కూడా ఉండేవారు. మీర్‌షికార్ అంటే వేటగాళ్లలో పెద్ద అని ఫార్సీ మాట. తరతరాలుగా పిట్టలు పట్టి బతికిన ముస్లిం కుటుంబాల వారు. వలలో పడిన పక్షిని ఈక రాలకుండా చేతికి అందించడంలో వారిని మించినవారు లేరు. ఆ పక్షిని తూచి, రెక్క కొలిచి, కాలికి అంకె, బొంబాయి చిరునామా ఉన్న అల్యూమినియం ఉంగరం తొడిగి వదిలేసేవారు. ఏ దూరదేశంలోనో ఎవరికైనా అది దొరికితే కబురు వచ్చేది. ఏ పక్షి ఎక్కడి నుంచి వస్తోందన్న లెక్క అలా తేలింది. తెల్లవారకముందే లేవాలి, చూసింది చూసినచోటే రాసుకోవాలి, నడుస్తూ కబుర్లు చెప్పకూడదు. ఇవి ఆయన షరతులు. గురక పెట్టేవారంటే ఆయనకు అసలు గిట్టేది కాదు!

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, పిల్లలు లేని ఆయన బేగం హమీదా ఆ యతీమ్ బిడ్డను పెంచారు. పదేళ్ల ప్రాయంలో ఎయిర్ గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మరక ఉంది. మామూలు పిచ్చుకైతే హలాల్ చేసి తినేవాడే. ఇది తినదగినదా కాదా అన్న అనుమానంతో మామూజాన్ దగ్గరికి తీసుకెళ్లాడు. అదేం పిట్టో ఆయనకూ తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌కు చీటీ రాసిచ్చి పంపారు. మిల్లార్డ్ ఆ పిట్ట పేరు చెప్పి ఊరుకోలేదు, సొరుగు తర్వాత సొరుగు తెరిచి భద్రపరచిన పక్షులన్నీ చూపించారు. ఒక మస్‌అలా అడగబోయిన పిల్లవాడికి జీవితకాలపు చదువు దొరికింది. అయితే ఆయనను పెద్ద దీన్‌దార్‌గా చూపించడం సరికాదు. ఆచారాల పట్ల తనకు ఆసక్తి లేదని ఆయనే తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు.

బర్మాలో కుటుంబ వ్యాపారం చూడబోయి అడవుల్లో పక్షుల వెంట తిరిగారు. వ్యాపారం సాగలేదు. 1918లో తెహ్‌మీనాతో నికాహ్ జరిగింది. జర్మనీ వెళ్లి స్ట్రెస్‌మాన్ అనే ఆచార్యుని వద్ద పక్షిశాస్త్రం నేర్చుకొని 1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో ఉద్యోగం లేదు. కిహిమ్ గ్రామంలో కూర్చొని గిజిగాళ్లను గమనించారు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపేస్తుంది, ఆడది వచ్చి చూసి మెచ్చితేనే పూర్తి చేస్తుంది, ఆపై మరో గూడు, మరో జత మొదలుపెడుతుంది. నిరుద్యోగం మిగిల్చిన తీరికలో ఆయన తేల్చిన విషయమిది.

అప్పుడే మన నేలతో ఆయనకు ముడి పడింది. 1931-32లో నిజాం సర్కారు ఖర్చుతో హైదరాబాద్ రాజ్యమంతటా పక్షుల సర్వే చేశారు. ఎద్దుబండ్ల మీద గుడారాలు వేసుకొని, సుఖంగా పెరిగిన తెహ్‌మీనా కూడా వెంట రాగా, చెంచులుండే నల్లమల అడవుల దాకా తిరిగారు. అప్పట్లో ఆయన చేతిలో దుర్భిణితో పాటు తుపాకీ కూడా ఉండేది. చంపి చర్మాలు భద్రపరచనిదే పక్షిశాస్త్రం సాగని రోజులవి. 1939లో చిన్న శస్త్రచికిత్స తర్వాత తెహ్‌మీనా మరణించారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1941లో భారతదేశపు పక్షుల మీద ఆయన పుస్తకం వచ్చింది. తర్వాత రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాలు 1974కు పూర్తయ్యాయి.

మళ్లీ భరత్‌పూర్ సంగతికి వద్దాం. అది మొదట మహారాజుల బాతుల వేట కోసం ఏర్పాటైన సరస్సు. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులను కూల్చారు. ఆ లెక్క చెక్కిన రాయి అక్కడ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక చుట్టుపక్కల రైతులు ఆ నీరు తమ పొలాలకు కావాలన్నారు. రాచరికం కింద నలిగిన వారి కోరిక అన్యాయమైనదని అనలేం. సలీం అలీ విషయాన్ని నెహ్రూ దాకా తీసుకెళ్లి సరస్సును నిలబెట్టారు.

కాని 1982లో జరిగింది మరో కథ. జాతీయ పార్కుగా ప్రకటించాక గేదెలను మేపడం నిషేధించారు. ఆ నిషేధం కోరిన వారిలో సలీం అలీ, ఆయన సొసైటీ ఉన్నారు. ఊళ్లవారు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ సొసైటీయే జరిపిన పరిశోధనలో తేలిందేమిటంటే, గేదెలు లేకపోవడంతో గడ్డి పెరిగి నీటిని కమ్మేసింది, పక్షులకు చోటు తగ్గింది. పెద్దాయన అంచనా తప్పింది. ఆ తప్పుకు మూల్యం చెల్లించింది పాడి మీద బతికే పేదవాళ్లు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు దీన్ని వదిలేయడం నాకు న్యాయమనిపించదు. ఇక అక్కడికి వచ్చే సైబీరియా కొంగలు 2002 తర్వాత రావడమే మానేశాయి. దానికి గేదెలు కారణం కాదు, దారిలోని దేశాల్లో వేట పెద్ద కారణం.

పద్మవిభూషణ్ 1976లో, రాజ్యసభ సభ్యత్వం 1985లో వచ్చాయి. బహుమతిగా వచ్చిన పెద్ద మొత్తంలో అధిక భాగం సొసైటీకే ఇచ్చేశారు.

కడప జిల్లాలో కలివి కోడి అనే పక్షి ఉండేది. 1900 తర్వాత దాన్ని చూసినట్టు ఎవరూ రాయలేదు, అంతరించిందనుకున్నారు. సలీం అలీ మాత్రం వెతికిస్తూనే ఉన్నారు. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లి దగ్గర స్థానికుడొకరు దాన్ని ప్రాణాలతో పట్టుకున్నారు. కబురు అందగానే 89 ఏళ్ల వయసులో ఆయన బొంబాయి నుంచి బయల్దేరారు. వచ్చేసరికి పక్షి చనిపోయి ఉంది. మరుసటి ఏడాది, 1987లో, ఆయన కన్నుమూశారు. ఆ పక్షి కోసం లంకమల అడవిని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు.