ధ్వనితో స్ఫటికాన్ని చదివిన సూరి భగవంతం

అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ వద్ద చేరారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమది. 1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ముప్పై ఏళ్లు నిండకముందే ఆచార్యులయ్యారు.

రామన్ ఫలితంపై ఆయన కృషి అందరూ ఎరిగిందే. నాబోటి ఇంజనీరుకు దగ్గరైనది మాత్రం 1940లలో వాల్తేరులో సాగిన అతిధ్వనుల పరిశోధన. స్ఫటికం ఏ దిశలో ఎంత గట్టిదో తెలియాలంటే దాన్ని విరవనక్కరలేదు. ఆ దిశలో ధ్వని వేగం కొలిస్తే దారి దొరుకుతుంది. జె. భీమసేనాచార్‌తో కలిసి ఆయన రూపొందించిన పద్ధతిలో, ఒక అంచు మందంగా, మరో అంచు పలుచగా ఉండే పలక రకరకాల పౌనఃపున్యాల ధ్వనిని పుట్టిస్తుంది. పరీక్షించే స్ఫటికం మందం అర తరంగదైర్ఘ్యానికి సరిపోయినప్పుడు ధ్వని దాన్ని ధారాళంగా దాటుతుంది. దాన్నిబట్టి వేగం, వేగాన్నిబట్టి స్థితిస్థాపక గుణకాలు తేలుతాయి.

వెల్డింగును పరీక్షించే యంత్రం ఆయన సృష్టి కాదు. దానికి రష్యాలో సొకొలోవ్, అమెరికాలో ఫైర్‌స్టోన్ ఆద్యులు. ఘనపదార్థం లోపలి సంగతి ధ్వనినే అడగడం మాత్రం అందరిదీ ఒకే బాట. రంగు వేసిన వంతెన దూలం మీద ప్రోబు పెట్టినప్పుడు మాకు అక్కరకొచ్చేది ఆ పాఠమే. రంగు ఉక్కును గట్టిగా అంటుకుని ఉంటే ధ్వని కొంత బలం కోల్పోయినా లోపలికి వెళుతుంది. ఎంత కోల్పోయిందో అదే రంగు వేసిన నమూనా దిమ్మెపై కొలిచి సరిచేసుకోవచ్చు. రంగు పొర పైకి లేచి కింద గాలి చేరితే ధ్వని అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు తెరపై పగులు కనబడలేదంటే పగులు లేదని కాదు, మనం లోపలికి చూడనేలేదని అర్థం. అక్కడ రంగు గీకాల్సిందే. గీకకుండా సంతకం పెడితే వంతెన దాటేవారి ప్రాణాలతో చెలగాటమాడినట్టే.

భగవంతం గారు ఉస్మానియా ఉపకులపతిగా, 1957 నుంచి బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసి, 1989లో కన్నుమూశారు.

ఆయన పద్ధతికి పునాది అనునాదం. శ్రుతిదండం మోగించి మనమంతా బడిలో నేర్చుకున్నది అదే. ఈ స్వర్ణోత్సవ వేళ శిరివెళ్లలో ఇప్పుడు చదువుతున్న ప్రతి పిల్లవాడి చేతికీ, ప్రతి పిల్ల చేతికీ ఆ శ్రుతిదండం అందేలా మన సంఘం పూనుకుంటే, ఆ మహనీయుడికి అంతకు మించిన నివాళి ఉండదు.