గాజుపలకపై చుక్కలు

పెన్న కొండను కోసుకొని పారే గండికోట అంచున, అమావాస్యకు దగ్గరి రాత్రులలో, ఒక కొత్త వ్యసనం కలవారు అప్పుడప్పుడు కనిపిస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుండి కెమెరాను, దానిని నిలబెట్టే ముక్కాలి పీటను భుజాన వేసికొని వచ్చి, ఊరి దీపాలు కంటబడని చోటు చూచుకొని, ఆకాశానికి గురిపెట్టి కూర్చునే యువకులు వారు. పెద్దలు గొల్లకావడి అని పిలిచే మూడు చుక్కల క్రింద ఓరియన్ నీహారిక ఉన్నదని వారు చదివియుందురు. దానిని పట్టవలెనని కోరిక. మొదటి రాత్రి దొరికేది మాత్రం నీహారిక కాదు. భూమి తిరుగుట వలన చుక్కలన్నీ గీతలై ఉంటాయి. ప్రొద్దుటూరు దీపాల కాంతి తూర్పుమూల నారింజరంగు పొగవలె పరచుకొని ఉంటుంది. ఆకాశంలో లేని ఎర్రని, పచ్చని నలుసులు కెమెరా తానే పుట్టించి చూపుతుంది. చాలమంది విద్య అక్కడితో ఆగిపోతుంది.

ఆగిపోనివానికి చెప్పదగిన జీవితం ఒకటి ఉన్నది. ఆకాశాన్ని ఛాయాచిత్రంగా పట్టే పనిని గాజుపలకల కాలంలో, హైదరాబాదు నగరంలో, ఒక ఉద్యోగి కుమారుడుగా కంటితో చూచి నేర్చి, చివరకు ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షుడైన మనాలి కల్లాట్ వైను బాపు జీవితం అది.

బాపు తెలుగువారు కారు. మలబారు ప్రాంతపు కుటుంబం. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించినారు. తల్లిదండ్రులకు ఏకైక సంతానం. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో సహాయకుడు. ఆ ఉద్యోగమే లేకున్న ఈ కథయే లేదు; కాబట్టి ఆ వేధశాలను గూర్చి కొంత విస్తరించి చెప్పక తప్పదు.

నవాబు జఫర్ జంగ్ అనే హైదరాబాదు ప్రభువు 1901లో తన సొంత ధనంతో ఇంగ్లండు నుండి దూరదర్శినులను తెప్పించి దీనిని ప్రారంభించినాడు. ప్రభువులకు వేట, గుర్రాలు వ్యసనాలుగా ఉన్న కాలంలో చుక్కల వ్యసనం కలిగిన అరుదైన మనిషి. ఆయన 1907లో మరణించగా మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి, బేగంపేటలో స్థిరపరచినది. అప్పటికి ఇరవై ఏండ్ల క్రిందట, 1887లో, పారిస్ నగరంలో ఖగోళజ్ఞులు సమావేశమై ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి, ప్రతి నక్షత్రపు స్థానాన్ని కొలిచి గ్రంథస్థం చేయాలని నిర్ణయించి, ఆకాశాన్ని పట్టీలుగా కోసి వివిధ దేశాల వేధశాలలకు పంచినారు. అందులో చిలీ దేశపు శాంటియాగో చేయలేక వదలిన పట్టీ, ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 అంశల నుండి 23 అంశల వరకు గలది, హైదరాబాదు వంతుకు వచ్చినది.

ఈ పని ఎట్టిదో ఇప్పటివారికి ఊహకు అందదు. ఎనిమిది అంగుళాల ఛాయాదూరదర్శినికి ఒక గాజుపలకను బిగింతురు. పలకపై వెండి లవణము కలిసిన జిగురుపూత. దానిమీద ముందే సన్నని చదరపు గళ్ళు ముద్రించి ఉంటవి. గడియారపు యంత్రం దూరదర్శినిని భూభ్రమణానికి ఎదురుగా త్రిప్పుచుండగా, పరిశీలకుడు ప్రక్కనున్న గొట్టంలో ఒక నక్షత్రాన్ని అడ్డుతీగల కూడలిలో నిలిపి, అది తప్పిపోకుండ కన్నార్పక కాచుకొనవలెను. యంత్రం ఎంత మంచిదైనను మనిషి కన్ను లేక సాగదు. తరువాత చీకటిగదిలో పలకను కడిగి, ఆరబెట్టి, మరునాడు సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, ఒక్కొక్క నల్లచుక్క ఏ గడిలో ఎక్కడ ఉన్నదో కొలిచి వ్రాయవలెను. పోకాక్, ఆ తరువాత భాస్కరన్ ఆధ్వర్యంలో హైదరాబాదువారు ఆ విధంగా తమ పట్టీని ముగించి, జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల వదలిన ఉత్తరపు పట్టీని కూడ కొంత తలకెత్తుకొన్నారు. కొలిచినవి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. సంపుటాలు 1917 నుండి 1946 వరకు వెలువడినవి. ఆ సంపుటాలలో అంకెలే తప్ప మరేమీ లేదు. వానిని కొలిచినవారి పేర్లు నేడు చదువుకొన్న హైదరాబాదీలకైనను తెలియవు. వైను బాపు తండ్రి పని చేసినది ఆ వేధశాలలోనే.

పిల్లవాడు పెరిగినది ఆ గుమ్మటపు నీడలో. ఇతర బాలురకు ఆకాశం కథలలోని వస్తువు. ఈ బాలునికి తండ్రి పనిచేసే చోటు. పలకమీద నల్లచుక్క కనిపించినంత మాత్రాన అది నక్షత్రం కాదనియు, పూతలోని లోపం కావచ్చు, దుమ్ము కావచ్చు, కటకంలో ప్రతిఫలించిన దొంగవెలుగు కావచ్చుననియు, రెండవ పలకతో పోల్చనిదే ఏదియు నమ్మరాదనియు తెలిసికొనుటకు ఇంతకు మించిన బడి లేదు. నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం చదువుచు, ఇంకను విద్యార్థిగా ఉండగనే, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను స్వయంగా పరిశీలించి 1946 నాటికే వ్యాసాలు ప్రకటించినారు. జీతం లేని పని, అడిగినవారు లేని పని.

హార్వర్డు వేధశాలాధిపతి హార్లో షాప్లీ హైదరాబాదు వచ్చినప్పుడు ఈ యువకుడు ఆయనను కలిసికొన్నారు. హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వపు విద్యార్థివేతనంతో 1949లో అమెరికా చేరి హార్వర్డులో పరిశోధనకు కుదిరినారు. చేరిన కొద్ది మాసాలకే జరిగిన సంగతి ఆయన పేరును ఆకాశంలో వ్రాసినది.

1949 జూలై మొదటి దినాలలో, మాసచుసెట్స్‌లోని హార్వర్డువారి శాఖా వేధశాలలో, బాపు ఒక పలకను తీసినారు. తోకచుక్క కోసం తీసినది కాదు, నిత్యకృత్యపు పలక. కడిగి చూడగా, బిందువులై ఉండవలసిన నక్షత్రాల నడుమ ఒకటి మసకగా, సాగినట్లుగా ఉన్నది. అక్కడ నూటికి తొంబదిమంది పూతలోని లోపమని ప్రక్కన పెట్టుదురు. బాపు పెట్టలేదు. గురువు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ తోడురాగా, అది కదలుచున్నదని, తోకచుక్కయని తేలినది. దానికి బాపు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అని పేరు నిలిచినది. సూర్యుని చుట్టి వచ్చుటకు దానికి సుమారు 60,000 సంవత్సరాలు పట్టునని లెక్క. పసిఫిక్ ఖగోళ సంఘం బాపునకు డోనహో పతకమిచ్చినది. తోకచుక్క పొడిచిన రాజ్యాలు మారునని నమ్మేవారు నేటికినీ ఉన్నారు. బాపును పంపిన రాజ్యం మాత్రం అంతకు పది మాసాల ముందే, తోకచుక్క సాయం లేకనే, మారినది.

అదృష్టమని అనవచ్చును. ఇరవై రెండేళ్ళు ఇంకను నిండని కొత్తవాడు ఒక మసకను చూచి ఇది లోపము కాదు అని తెలిసికొనుటలో అదృష్టం పాలు కొంత. లోపాలు ఎట్లుండునో చిన్ననాటి నుండి చూచిన కన్ను పాలు ఎక్కువ. గండికోట గట్టుమీద మొదటి చిత్రం చూచి నిరుత్సాహపడే యువకునికి కావలసినది ఈ పాఠమే. నేటి కెమెరాలో గాజుపలక లేదు. కాంతిని విద్యుత్తుగా మార్చే చిన్న సిలికాన్ బిళ్ళ ఉన్నది. పాతపలక తనమీద పడిన కాంతిలో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే పట్టుకొనేది. ఈ బిళ్ళ సగానికి పైగా పట్టుకొంటుంది. అయినను శత్రువులు పాతవారే. మూత వేసి తీసిన చీకటిచిత్రం కెమెరా పుట్టించిన నలుసులను పట్టి ఇచ్చును. సమమైన వెలుతురుకు తీసిన చిత్రం కటకంమీది దుమ్మును, అంచుల మసకను చూపును. వీనిని అసలు చిత్రం నుండి తొలగించి, ఒకే చోటును తీసిన నూరు చిత్రాలను నక్షత్రానికి నక్షత్రం సరిపడ ఒకదానిపై ఒకటి పేర్చినచో, నలుసుల అలజడి పదోవంతుకు తగ్గి, లోపలి నీహారిక బయటపడును. బేగంపేటలో రెండవ పలకతో సరిచూచుకొన్న పద్ధతికి ఇది మనుమడు.

1952లో డాక్టరు పట్టం పొందిన పిమ్మట బాపు కార్నెగీ సంస్థవారి వేతనంతో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలమార్ వేధశాలలకు వెళ్ళినారు. అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పని ఆయన కీర్తికి మూలస్తంభం. నక్షత్రపు వెలుగును పట్టకంవలె విడదీసి పలకపై పట్టినప్పుడు, కాల్షియం వలన ఏర్పడే ఒక నల్లని గీత నట్టనడుమ సన్నని వెలుగు గీత కొన్ని చల్లని నక్షత్రాలలో కనిపించును. ఆ వెలుగు గీత వెడల్పును వారు సూక్ష్మదర్శిని క్రింద కొలిచి చూడగా, నక్షత్రపు నిజమైన కాంతి ఎంత ఎక్కువైన గీత అంత వెడల్పని తేలినది. నిజమైన కాంతి తెలిసినచో, కంటికి ఎంత మసకబారినదో చూచి దూరం చెప్పవచ్చును. వెంట్రుక వంటి గీత నుండి నక్షత్రపు దూరం! 1957లో ప్రకటితమైన ఈ ఫలితమే విల్సన్–బాపు ప్రభావమని పాఠ్యగ్రంథాలకెక్కినది.

అంతకు ముందే స్వదేశానికి తిరిగివచ్చినారు. 1954లో కాశీలో పుట్టిన ఉత్తర ప్రదేశ్ వేధశాలకు, దాని మొదటి అధిపతి కొద్ది మాసాలలోనే మరణించగా, ఆ యేటి నవంబరులో అధిపతియై, మరుసటి యేడు దానిని నైనితాల్ కొండలకు మార్చినారు. 1960లో కొడైకెనాల్‌కు వచ్చినారు. అది సూర్యుని పరిశీలించు వేధశాల. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాల నుండి, తాను నక్షత్రాలలో కొలిచిన ఆ కాల్షియం కాంతిలోనే సూర్యుని దినదినం చిత్రించిన పలకలు అక్కడ పోగుపడియున్నవి. అయితే ఆ కొండపై మబ్బులెక్కువ. రాత్రి ఆకాశానికి వేరొక చోటు కావలెను.

ఆ వెదుకులాట తమిళనాట జవ్వాది కొండలలోని కావలూరు అడవిలో ముగిసినది. పులివెందులకు రెండువందల పైచిలుకు కిలోమీటర్లు దక్షిణంగా, ఆ తూర్పుకనుమల వరుసలోనే ఉన్న పల్లె. 1968లో అక్కడ మొదట నిలిచినది 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శిని. దాని తయారీ స్వదేశీయమే. చోటు ఎంపికలో బాపు చూచిన లాభం కడపసీమవారికి సులువుగా బోధపడును: భూమధ్యరేఖకు దగ్గర కావున ఉత్తరపు చుక్కలను వదులుకొనకనే దక్షిణపు సంపద కనిపించును. యూరప్‌లోని పెద్ద వేధశాలలకు క్షితిజం క్రింద మునిగియుండే ఒమేగా సెంటారీ అను నక్షత్రగుచ్ఛం, చైత్రమాసపు నడిరేయి జమ్మలమడుగు మిద్దె మీదనే దక్షిణదిక్కున సుమారు 28 అంశల ఎత్తున నిలుచును.

1972లో జర్మనీనుండి వచ్చిన ఒక మీటరు దూరదర్శిని కావలూరులో పనిచేయసాగినది. ఆ యేడే బృహస్పతి ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు దానికి పలుచని వాయుపొర ఉండవచ్చునన్న సూచన లభించినది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని మరుగుపరచుటకు ముందుగనే ఆ నక్షత్రకాంతి క్షణకాలం తగ్గుటను భట్టాచార్య, కుప్పుస్వామి పట్టుకొన్నారు. యురేనస్‌కు వలయాలున్నవని లోకానికి తెలిసిన రాత్రి అది. ఇవి పలకలు కావు, విద్యుత్సాధనాలతో చేసిన కొలతలు. బాపు పాత విద్యను పట్టుకొని కూర్చున్నవారు కారు.

1971లో కొడైకెనాల్ వేధశాల భారత ఖగోళ భౌతిక సంస్థయను పేర స్వతంత్ర సంస్థయైనది. తరువాత కేంద్రం బెంగుళూరుకు మారినది. అన్నిటికన్న ఆయన మనసంతా పెట్టినది 2.34 మీటర్ల అద్దంగల దూరదర్శినిపై. కొని తెచ్చుకొనుట సులభమార్గం. బాపు గాజుదిమ్మను మాత్రమే విదేశం నుండి తెప్పించి, దానిని అరగదీసి మెరుగుపెట్టే పనిని బెంగుళూరులోనే, తన సంస్థ పనివారి చేతనే చేయింప సంకల్పించినారు. వెలుగు తరంగపు పొడవులో చిన్న భిన్నమైనను తప్పు మిగులరాని పని. సంవత్సరాలు పట్టే పని. ఆలస్యమగుచున్నదని ఆక్షేపించుటకు అవకాశం లేకపోలేదు. తొందరగా కావలెనన్న కొన్న అద్దమే మేలు. అయితే అద్దం చేయ నేర్చినవారు మిగులవలెనన్నచో ఇదే దారి. ఈ విషయంలో బాపు తీర్పు సరియైనదని తరువాతి చరిత్ర చూపినది.

1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి ఆయన అధ్యక్షుడుగా ఎన్నికైనారు. 1981లో పద్మభూషణ్ వచ్చినది. 1982 ఆగస్టులో గ్రీసు దేశపు పాత్రాస్‌లో ఆ సంఘపు మహాసభ ఆయన అధ్యక్షతన జరుగవలసియున్నది. హృదయ శస్త్రచికిత్సకై మ్యూనిక్ వెళ్ళిన బాపు, సభ అక్కడ జరుగుచుండగనే, ఆగస్టు 19న కన్నుమూసినారు. ఏబదియైదేండ్లు నిండి తొమ్మిది దినాలు. అద్దం ఇంకను పూర్తి కాలేదు.

మెరుగుపెట్టినవారు పని ఆపలేదు. 1985లో ఆ అద్దం నక్షత్రకాంతిని మొదటిసారి పట్టినది. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ ఆ దూరదర్శినికి, కావలూరు వేధశాలకు వైను బాపు పేరు పెట్టినారు. మరి రెండేండ్లకు, 1988 ఫిబ్రవరి 17న, ఆ ఆవరణలోనే 45 సెంటీమీటర్ల ష్మిట్ దూరదర్శినితో తీసిన ఛాయాచిత్రాలను పోల్చి చూచుచున్న రాజమోహన్ కంటికి, చుక్కల నడుమ చోటు మారిన ఒక చుక్క కనబడినది. 1885లో మద్రాసులో పోగ్సన్ కనుగొన్నదాని తరువాత భారతదేశం నుండి కనుగొన్న గ్రహశకలం అది. దానికి రామానుజన్ అని పేరు పెట్టినారు.