డబ్బాల్లో వచ్చిన కారు

పోయిన సెమిస్టర్ సెలవుల్లో ఒక కారు గురించి నాకూ మా నాన్నకీ వారం రోజులు మాటల్లేవు. విజయవాడలో తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన బేరం అది. ఎర్ర రంగు, రెండు డోర్లు, చూడ్డానికి అచ్చం స్పోర్ట్స్ కారే. రీడింగ్ మాత్రం 1,90,000 కిలోమీటర్లు. ఇద్దరు ఫ్రెండ్స్, నేను కలిసి కొనేద్దాం అనుకున్నాం. అంత తిరిగిన బండి చవగ్గా వస్తోందంటే మిగతా డబ్బు తర్వాత కట్టుకోవాల్సిందేనని నాన్న తేల్చేశారు. ఆయన్ని ఎలాగైనా ఒప్పిద్దామని, పాత కారుతో మొదలై పైకొచ్చినవాళ్ళ కథల కోసం వెతికాను. అలా దొరికాడు బ్రూస్ మెక్‌లారెన్.

మెక్‌లారెన్ అంటే మనకి నారింజ రంగు ఫార్ములా వన్ కారే గుర్తొస్తుంది. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడనీ, 32 ఏళ్ళకే పోయాడనీ నాకు అప్పటిదాకా తెలీదు.

బ్రూస్ 1937 ఆగస్టు 30న న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న లెస్‌కి రెమ్యూరా అనే పేటలో పెట్రోల్ బంకు, దాన్ని ఆనుకుని మెకానిక్ షెడ్డు ఉండేవి. లెస్ కుర్రతనంలో మోటార్‌సైకిల్ రేసుల్లో తిరిగిన మనిషి. బ్రూస్‌కి తొమ్మిదేళ్ళప్పుడు పెర్తీస్ అనే జబ్బు చేసింది. తుంటి ఎముకకి రక్తం సరిగ్గా అందకపోవడం వల్ల వచ్చే జబ్బు. దాదాపు రెండేళ్ళు పిల్లల ఆశ్రమంలో మంచానికి అతుక్కుపోయాడు. తగ్గాక చూస్తే ఎడమ కాలు కుడి కాలికంటే పొట్టిగా మిగిలిపోయింది. చివరిదాకా కొంచెం కుంటుతూనే నడిచాడు.

బ్రూస్‌కి పదమూడేళ్ళు ఉండగా లెస్ ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. 1929 నాటి ఆస్టిన్ సెవెన్ ఆల్‌స్టర్. ధర 110 పౌండ్లు. కొన్నాడు అంటే తోలుకుంటూ వచ్చాడని కాదు. ఇంజిన్ ఊడదీసి ఉంది, ముక్కలు డబ్బాల్లో ఉన్నాయి. బాగుచేసి లాభానికి అమ్మేద్దామని లెస్ లెక్క. బ్రూస్ మాత్రం దాన్ని అమ్మొద్దని పట్టుబట్టాడు. తండ్రీకొడుకులు కలిసి ఒక్కో ముక్కా తుడిచి, అరిగినవి మార్చి, ఆ కారుని మళ్ళీ నిలబెట్టారు. నాలుగు సిలిండర్లు, 747 సీసీ. ఇవాళ మన హాస్టల్ ముందు నిలబడే పెద్ద బైకుల కంటే ఎక్కువేం కాదు. అంత చిన్న ఇంజిన్ కాబట్టే దాన్నుంచి ఇంకొంచెం వేగం ఎలా పిండాలో బ్రూస్‌కి పట్టుకుంది. సిలిండర్ హెడ్ మార్చి కంప్రెషన్ పెంచాడు. ఇంటి వెనక తోటలో చెట్ల చుట్టూ తిప్పుతూ నడపడం నేర్చుకున్నాడు. 1952లో మురివై అనే చోట కొండదారి పందెంలో అదే కారుతో దిగాడు. అదే అతని మొదటి పోటీ.

తర్వాత ఆక్లండ్‌లోనే మనలాగే ఇంజినీరింగ్‌లో చేరాడు, కానీ డిగ్రీ పూర్తి చేయలేదు. 1958లో న్యూజిలాండ్ వాళ్ళు ఒక కుర్ర డ్రైవర్‌ని యూరప్ పంపే పథకం పెడితే మొదటి అవకాశం ఇతనికే వచ్చింది. ఇంగ్లండ్‌లో కూపర్ కంపెనీ షెడ్డుకి వెళ్ళి, తను నడపబోయే కారుని బిగించే పనిలో తనే చెయ్యి పెట్టాడు. 1959 డిసెంబర్‌లో సెబ్రింగ్‌లో అమెరికా గ్రాండ్ ప్రి గెలిచేటప్పటికి 22 ఏళ్ళు. అంత చిన్న వయసులో గ్రాండ్ ప్రి గెలిచిన రికార్డు 2003 దాకా చెక్కుచెదరలేదు. 1963లో సొంత టీమ్ పెట్టాడు. 1966లో తన దేశంవాడే అయిన క్రిస్ ఏమన్‌తో కలిసి లె మాన్ 24 గంటల రేసు గెలిచాడు. 1968లో బెల్జియంలో తన పేరున్న కారుతోనే గ్రాండ్ ప్రి గెలిచాడు. 1969లో అమెరికా, కెనడాల్లో జరిగే క్యాన్‌-యామ్ సిరీస్‌లో 11 రేసులు ఉంటే 11 కూడా ఈ టీమ్‌వే: ఆరు బ్రూస్‌వి, అయిదు డెన్నీ హల్మ్‌వి.

1970 జూన్ 2న ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ ట్రాక్ మీద కొత్త క్యాన్‌-యామ్ కారుని పరీక్షిస్తున్నాడు. మంచి వేగంలో ఉండగా వెనక భాగం కప్పు ఊడి లేచింది. కారుని నేలకి అదిమిపెట్టే గాలి బలం పోయింది. కారు అదుపు తప్పి ట్రాక్ పక్క గట్టుని గుద్దుకుంది. బ్రూస్ అక్కడికక్కడే చనిపోయాడు. పన్నెండు రోజులకి కెనడాలో సీజన్ మొదటి రేసు. టీమ్ వెనక్కి తగ్గలేదు. డాన్ గర్నీ ఆ కారు నడిపి గెలిచాడు.

ఇదంతా చదివి నాన్నకి చెప్పడం మొదలుపెట్టాను. డబ్బాల్లో వచ్చిన కారు నుంచి ఇంత పెద్ద కథ నడిచిందని గొప్పగా చెప్పాను. ఆయన మొత్తం విని, ఆ పిల్లాడికి కారుతో పాటు ఇంకేం ఉన్నాయని మాత్రం అడిగారు. ఆలోచిస్తే అప్పుడు తట్టింది. ఇంటి పక్కనే షెడ్డు ఉంది. పనిముట్లున్నాయి. అరిగిన బేరింగ్‌ని చేత్తో పట్టుకుని చెప్పగల తండ్రి ఉన్నాడు. చేతినిండా టైముంది. ఆ 110 పౌండ్లు కారు ధర మాత్రమే. మిగతావి వాళ్ళకి ముందే ఉన్నాయి. నా దగ్గరేమో రెండు స్పానర్లు, థర్మోడైనమిక్స్‌లో 62 మార్కులు ఉన్నాయి.

మర్నాడు ఇద్దరం ఆటోనగర్‌లో బాబాయ్ అని పిలిచే ఒక మెకానిక్‌ని తీసుకుని ఆ ఎర్ర కారు చూడ్డానికి వెళ్ళాం. ప్లగ్గులు తీసి కంప్రెషన్ గేజ్ పెట్టాడు. రెండు సిలిండర్లలో బాగా తక్కువ చూపించింది. యాక్సిలరేటర్ తొక్కితే నీలం పొగ వచ్చింది. ఇంజిన్ బోరుకి వచ్చిందనీ, ఆయిల్ తాగుతోందనీ తేల్చాడు. ఒక్కసారి టెస్ట్ డ్రైవ్ చేస్తే నేను చూసి ఉండేది పెయింటే. కిలోమీటర్లు ఎన్ని తిరిగాయన్నది కాదు, లోపల ఏం జరిగిందో మనం తెలుసుకోగలమా అన్నదే అసలు లెక్క అని ఆ షెడ్డులో నాకు అర్థమైంది. అన్నీ తెలిసిన బ్రూస్‌కే ఒక్క కప్పు ఊడి ప్రాణం పోయింది. ఏమీ తెలియకుండా నేను మరో ఇద్దరి ప్రాణాలు కూడా ఎక్కించుకుని హైవే ఎక్కబోయాను.

కారు కొనలేదు. ఫ్రెండ్స్‌కి చెబితే ఒకడు రెండ్రోజులు మాట్లాడలేదు. బాబాయ్ షెడ్డు మూలన తుక్కుకి పడున్న ఒక పాత ఇంజిన్‌ని మాత్రం నాన్న నాలుగు వేలకి బేరం చేసి ఇప్పించారు. ప్రస్తుతం అది మా పెరట్లో రేకుల కింద విప్పి ఉంది. ఏ బోల్టు ఎక్కడిదో కాగితం అంటించి, బిస్కెట్ డబ్బాల్లో సర్దింది నాన్నే. పిస్టన్ రింగులు ఇంకా రావాలి.