కుంచె పట్టిన ఇల్లు: దామెర్ల రామారావు గారు

దోహాలో మేముండేది అల్ హిలాల్‌లో. సెలవులొస్తే పిల్లలతో ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియానికి వెళ్తుంటాం. మన తెలుగువాళ్ళ బొమ్మలకి ఇలాంటిది లేదా అని మా పాప ఓసారి అడిగింది. ఎందుకు లేదూ, రాజమండ్రిలో ఉంది! అది ఎవరి పేరు మీద ఉందో ఆయన గురించే ఈ నాలుగు మాటలు.

దామెర్ల రామారావు గారు 1897లో రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ ధ్యాసంతా బొమ్మల మీదే. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. కుర్రాడి చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించారు. అలా 1916లో రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు.

అప్పట్లో దేశమంతా పేరున్నవి రవివర్మ గారి చిత్రాలు. ఐరోపా పద్ధతి నూనెరంగులు, పట్టుచీర కట్టుకుని కూర్చున్న స్త్రీలు... వాటి అచ్చులు ఇంటింటి గోడల మీదా ఉండేవి. మరోపక్క బెంగాల్ వాళ్ళవి పొగమంచు కమ్మినట్టుండే నీటిరంగులు. రామారావు గారు రెంటినీ అనుకరించలేదు. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ పరిజ్ఞానానికి అజంతా రేఖను జోడించారు. 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం' చిత్రాల్లో ఆ కొత్తదనం కనిపిస్తుంది.

చదువయ్యాక ఆయన బొంబాయిలో స్థిరపడలేదు. సొంతూరు తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టారు. వరదా వెంకటరత్నం గారి లాంటి మిత్రులు తోడయ్యారు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది వాళ్ళ ఇల్లు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే! ఆడవాళ్ళు బొమ్మల్లో కూర్చోవడమే తప్ప కుంచె పట్టడం అరుదైన 1920లలో, అదీ గోదావరి ఒడ్డున! ఈ రోజు విన్నా ఆశ్చర్యమే.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇంకా 28 ఏళ్ళు నిండలేదు. ఆ జబ్బు ప్రపంచం నుంచి పోయిందని ప్రకటించింది 1980లో.

మనిషి పోతే బొమ్మలు తలోదిక్కూ అయిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఇక్కడ అలా జరగలేదు. ఇంటివాళ్ళు, మిత్రులు వాటిని కాపాడారు. వెంకటరత్నం గారు శిష్యులకు ఆ విద్యను అందించారు. తరవాత ఆ చిత్రశాల ప్రభుత్వం చేతికొచ్చింది.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు రాజమండ్రిలో పుష్కరఘాట్ చూసి, పూతరేకులు కొనుక్కుని వచ్చేయకండి. దామెర్ల వారి ఆర్ట్ గ్యాలరీకి ఓ గంట కేటాయించండి. సత్యవాణి గారి, బుచ్చికృష్ణమ్మ గారి చిత్రాల గురించి కూడా అడగండి. మీ అమ్మాయిల్ని తప్పకుండా తీసుకెళ్ళండి.