కుమ్మరి జోషయా వెడ్జ్‌వుడ్ గారి జీవితము



ఊరగాయ జాడీని ఎరుగని గృహిణి మనలో ఉండదు. అది మట్టితో చేసినదే. అయినను కుండవలె నూనెను, ఉప్పును పీల్చుకొనదు. దాని మీదనున్న గాజువంటి పూతయే అందుకు కారణము. అటువంటి పూత పూసి కాల్చిన మట్టి పాత్రలలో ఇంగ్లీషువారు మిక్కిలి మక్కువతో దాచుకొనేది టీపాట్. గుండ్రని పొట్ట, ఒక ప్రక్క పిడి, మరొక ప్రక్క కొమ్ముచెంబుకు ఉన్నట్లు కొమ్ము, పైన మూత. మీగడ రంగులో మెరిసే రెండు వందల యేండ్లనాటి టీపాట్లు నేటికిని అక్కడి మ్యూజియములలో ఉన్నవి. లండనులో జాన్ వెస్లీ గారు నివసించిన యింటిలో అటువంటి పెద్ద టీపాట్ ఒకటి ఉన్నది. దానిని వెస్లీ గారికి చేసి యిచ్చినవారు జోషయా వెడ్జ్‌వుడ్ అని మెథడిస్టులు చెప్పుకొంటారు. మెదకులో మహా దేవాలయమును కట్టినవారు ఆ వెస్లీ గారి మార్గమున వచ్చిన మిషనరీలే గదా! మన శతాబ్ది సంచికలో దైవసేవకుల జీవితములతో పాటు ఒక కుమ్మరి జీవితము కూడ ఉండుట మంచిదని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన బైబిలులోని యోషీయా రాజు పేరునే ఇంగ్లీషువారు జోషయా అని పలుకుతారు. ఈ జోషయా 1730వ సంవత్సరములో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో, బర్స్లెం అను కుమ్మరుల గ్రామములో పుట్టారు. తాతతండ్రులు కుమ్మరులే. పెద్ద కుటుంబములో ఆయన కడగొట్టు బిడ్డ. 1739లో తండ్రి చనిపోగా, బడి మాని మట్టిపనిలో దిగవలసి వచ్చినది. బాల్యములోనే మశూచికము సోకి ప్రాణము మీదికి వచ్చినది. ప్రాణము దక్కినది గాని కుడి మోకాలు చెడిపోయినది.

ఈ నష్టము ఎంతటిదో గ్రహించవలెనంటే ఒక సంగతి తెలియవలెను. మన కుమ్మరి సారెను కర్రతో త్రిప్పి, అది తిరుగుచుండగా చేతులతో కుండ చేస్తాడు. అక్కడి సారెను కాలితో త్రొక్కుచుండవలెను. కాలు లేని కుమ్మరికి సారె లేనట్లే. 1744లో పెద్దన్న థామస్ వద్ద పని నేర్చుకొనుటకు ఒప్పందము వ్రాసుకొన్న ఈ బాలుడు ఇక ఎందుకు పనికివచ్చునని ఎవరైనను అనుకొనియుందురు. అయితే సారె దగ్గర కూర్చొనలేనివాడు మట్టిని గూర్చి ఆలోచింపసాగాడు. ఏ మట్టి ఎంత వేడికి ఎట్లు మారును? ఏ రాతిపొడి కలిపితే ఏ రంగు వచ్చును? పూత ఎందుకు పగులును? ఈ ప్రశ్నలే ఆయనకు సారె అయినవి.

1754లో థామస్ వీల్డన్ అను పేరుగల కుమ్మరితో భాగస్వామిగా చేరి, అక్కడ తన ప్రయోగములను వరుస సంఖ్యలు వేసి పుస్తకములో వ్రాసిపెట్టనారంభించారు. తప్పినవి కూడ వ్రాసుకొన్నారు. నిగనిగలాడే పచ్చని పూత ఒకటి సాధించారు. ఆ పూతతో కాలీఫ్లవరు ఆకారములో టీపాట్లు వచ్చినవి. పైసగము తెల్లని పువ్వు, క్రిందిసగము పచ్చని ఆకులు. 1759లో బర్స్లెంలో సొంతముగా పని ప్రారంభించారు. తెల్లమట్టిలో కాల్చిన చెకుముకి రాతిపొడి కలిపి, పైన పలుచని పూతనిచ్చి చేసే మీగడ రంగు పాత్రలను అందరికంటె మెరుగుగా చేయగలిగారు. చీనా పింగాణీ ధనవంతులకే అందే ఆ దినములలో ఇవి మధ్యతరగతి బల్లల మీదికి కూడ వచ్చినవి. 1765లో షార్లెట్ రాణి ఒక టీ సెట్టు చేయుమని కోరగా, ఆ పాత్రలకు రాణిగారి పాత్రలన్న పేరు స్థిరపడినది. రష్యా మహారాణి కాథరిన్ కొరకు 1774 నాటికి 900కు పైగా పాత్రలుగల భోజన సామగ్రిని కూడ ఆయన కర్మాగారము చేసి పంపినది.

1764లో ఆయన సారా వెడ్జ్‌వుడ్ అను బంధువుల అమ్మాయిని వివాహమాడారు. అంతకు రెండేండ్ల ముందు లివర్‌పూల్‌లో మోకాలి నొప్పితో పడకన ఉన్నప్పుడు థామస్ బెంట్లీ అను వర్తకుని స్నేహము దొరికినది. తరువాత వీరిద్దరు వ్యాపార భాగస్వాములైనారు. గుర్రముల మీద గతుకుల బాటలలో మోసికొనిపోవు పాత్రలు దారిలోనే పగిలిపోవుట చూచి, కాలువ త్రవ్వించుటకు వెడ్జ్‌వుడ్ గారు పాటుపడ్డారు. 1766లో ట్రెంట్ మెర్సీ కాలువకు మొదటి గడ్డ పెకలించినది ఆయనే. 93 మైళ్ల ఆ కాలువ 1777లో పూర్తియైనది. దాని గట్టున 1769లో ఎట్రూరియా అను కర్మాగారమును, పనివారికి ఇండ్లను కట్టించారు.

ఈ అభివృద్ధి నడుమనే, 1768 మే నెలలో, బాధపెట్టుచున్న కుడికాలును తీసివేయించుకొన్నారు. మత్తుమందు లేని కాలమది. తరువాత కొయ్యకాలుతోనే కర్మాగారమంతయు తిరిగేవారు. కొలిమిలోని అమితమైన వేడిని కొలుచుటకు సాధనము లేని ఆ రోజులలో, వేడికి మట్టిబిళ్ల ఎంత కుంచించుకొనిపోవునో చూచి లెక్కకట్టే విధానమును 1782లో కనుగొన్నారు. మరుసటి సంవత్సరము రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొన్నది. సున్నపురాయిని కాల్చి సిమెంటు చేయుట చూచుచున్న మా మేళ్లచెరువువారికి కొలిమి వేడి లెక్క తప్పితే ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన ఏ లోపము లేని మనిషియని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆ నాటి పూతలో సీసము ఉండేది. పాత్రలను పూతలో ముంచే పనివారి శరీరములను అది మెల్లగా పాడుచేసేది. ఆ అందమైన మెరుపు వెనుక ఈ బాధ ఉన్నది. మతములో ఆయన యూనిటేరియను. త్రిత్వమును గూర్చి వారి బోధ మన విశ్వాసముతో ఏకీభవింపదు. అధికార సంఘమునకు వెలుపల ఉన్నవారికి ఆనాడు ప్రభుత్వోద్యోగములకు, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టములకు అడ్డంకులుండేవి. తక్కువగా చూడబడుట ఎట్లుండునో ఆయన కొంత ఎరుగుదురు.

ఇప్పుడు ఆ టీపాట్ ప్రక్కనున్న చక్కెర గిన్నెను చూడండి. అదియు ఆయన చేసినదే. అందులోని చక్కెర వెస్టిండీస్ దీవుల చెరకు తోటలనుండి వచ్చేది. ఆ తోటలలో పనిచేసినవారు ఆఫ్రికానుండి ఓడలలో గొలుసులతో తెచ్చి అమ్మబడిన బానిసలు. ఆ ఓడలు ఎక్కువగా బయలుదేరిన రేవు లివర్‌పూల్. వెడ్జ్‌వుడ్ గారి పాత్రలు విదేశములకు ఎగుమతియైనదియు ఆ రేవునుండియే. తన వ్యాపారమునకు ఈ పాపముతో సంబంధము లేదని ఆయన చెప్పుకొనగలిగియుండెడివారు కారు.

1787లో బానిస వ్యాపారమును మాన్పించుటకు లండనులో ఒక సంఘము ఏర్పడగా ఆయన దాని కమిటీలో చేరారు. తనకు చేతనైన పనితోనే సహాయము చేశారు. సంకెళ్లుపడిన చేతులు జోడించి మోకాళ్ల మీదనున్న నల్లని మనిషి రూపమును చిన్న తెల్లని మట్టిబిళ్ల మీద నిలిపి, తానును మనిషినే గదా, తోబుట్టువునే గదా అను భావము వచ్చునట్లు చుట్టును అక్షరములు పెట్టించారు. ఆ రూపమును మలచినవాడు ఆయన పనివాడైన విలియం హాక్‌వుడ్. ఆ బిళ్లలను అమ్మక, ఉచితముగా పంచారు. 1788లో అమెరికాలోని బెంజమిన్ ఫ్రాంక్లిన్ గారికి కొన్ని పంపారు. స్త్రీలు వాటిని కడియములలో, తలపిన్నులలో పొదిగించుకొని ధరించారు. 1791లో పార్లమెంటు బానిస వ్యాపార నిషేధమును త్రోసిపుచ్చినప్పుడు ఎన్నో కుటుంబములు బానిసలు పండించిన చక్కెరను మానివేసినవి.

1795 జనవరి 3న ఆయన ఎట్రూరియాలో కన్నుమూశారు. బ్రిటిషువారు బానిస వ్యాపారమును నిషేధించినది 1807లో. బానిసత్వమును రద్దుచేయు చట్టము వచ్చినది 1833లో. ఆ రెండింటిలో ఒక్కటియు ఆయన చూడలేదు.

అయితే కథ అంతటితో ముగియలేదు. బానిసలు విడుదలైన తరువాత అదే చెరకు తోటలకు కూలీలను ఒప్పందముల మీద మన దేశమునుండి తీసికొనిపోయారు. 1834 తరువాత మారిషస్ వెళ్లినవారిలో తెలుగువారును ఉన్నారు. కోరంగి రేవు పేరున వారికి అక్కడ కోరంగివారని పేరు వచ్చినది. ఇక మన నల్లగొండ సీమలో, నైజాము కాలమున, దొర గడికి, వచ్చిపోయే అధికారులకు కుమ్మరి ఉచితముగా కుండలు ఇచ్చుకోవలసియుండేది. దాని పేరు వెట్టి. ఇంగ్లండు కుమ్మరికి రాణి బిరుదునిచ్చినది. మన కుమ్మరికి కుండ ధర కూడ దక్కలేదు. 1946 నుండి 1951 వరకు ఇక్కడి ప్రజలు చేసిన పోరాటములో ఈ కన్నీరు ఉన్నది. వెట్టిచాకిరిని రద్దుచేయు కేంద్ర చట్టము 1976లో గాని రాలేదు.

ఒక చిన్న సంగతి చెప్పి ముగించెదను. నా బాల్యములో ఒకనాడు మా నాయనతో కలిసి ఒక పల్లెలో టీ త్రాగుటకు ఆగాము. మాకు వేరుగా పెట్టిన గ్లాసులలో టీ పోసి, త్రాగిన తరువాత మమ్మునే కడిగి పెట్టుమన్నారు. మా నాయన ఏమియు అనకుండ కడిగి బోర్లించారు. ఆ గ్లాసు శుభ్రముగానే ఉన్నది. పోసినవారి మనస్సులోనే మరక ఉన్నది. అంటరానితనమును రాజ్యాంగము 1950లోనే నిషేధించిన సంగతి ఆ వయస్సులో నాకు తెలియదు.

వేదాంత కళాశాలలో చదువుచున్నప్పుడు వెడ్జ్‌వుడ్ గారి బిళ్ల బొమ్మను మొదటిసారి పుస్తకములో చూచితిని. మోకరించిన ఆ మనిషిలో గ్లాసు కడుగుచున్న మా నాయనయే నాకు కనబడ్డారు. అందుకే ఈ కుమ్మరిని మరువలేకపోతిని. వంద యేండ్లుగా ఒకే పాత్రలోనిది పంచుకొని త్రాగుచున్న సంఘము మనది. ఆదివారము బల్లయొద్ద ఒకటిగానున్న మనము సోమవారము మన యింటి వాకిట, పెండ్లి పందిట, టీ హోటలు బల్లయొద్ద ఎవరికి ఏ గ్లాసు ఇచ్చుచున్నామో మనలను మనమే అడిగి చూచుకొందము. ప్రభువు మనకందరికి అట్టి మనస్సును దయచేయును గాక.